అయిదు నెలల పాపకు ఏం కొనాలి: పాలగిన్నె మొదలు గిలక్కాయ దాకా

మీ పాపకు అయిదు నెలలు నిండాయని, మరో నాలుగు వారాల్లో ప్రసూతి సెలవు ముగించుకుని హైదరాబాదులోనే ఉద్యోగంలో చేరాలని, ఇప్పటిదాకా తల్లిపాలు తప్ప మరేమీ పట్టలేదని రాశారు. మీ అత్తగారు తెనాలి నుంచి వెండి ఉగ్గుగిన్నె తెచ్చారు. స్నేహితులు ఇచ్చిన జాబితాలో సీసాలు, స్టెరిలైజరు, హై చైర్, వాకరు, పాటలు పాడే బొమ్మలు కలిపి ముప్పై పైచిలుకు వస్తువులున్నాయి. ఏడాది నిండేదాకా వీటిలో నిజంగా పనికొచ్చేవి ఏవని మీరు అడిగారు. నేను కోస్తా జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో, పిల్లల వార్డులో ఇరవై ఎనిమిదేళ్లు నర్సుగా పనిచేశాను. వస్తువుల్లో మంచీచెడ్డా నాకు తెలిసింది దుకాణాల్లో కన్నా వార్డులోనే కాబట్టి, ఈ సమాధానంలో జాగ్రత్తలు కాస్త ఎక్కువగానే ఉంటాయి.

మీ జాబితాలో ఆటవస్తువులు ఒక వైపు, తినిపించే సామాను ఇంకో వైపు రాసి ఉన్నాయి. మీ పాపకు మాత్రం ఆ విభజన తెలియదు. చెంచా చేతికి దొరికితే అది ఆటవస్తువు, గిలక్కాయ దొరికితే అది తినే వస్తువు. నాలుగో నెల నుంచి ఏడాది దాటేదాకా బిడ్డ లోకాన్ని నోటితోనే పరీక్షిస్తుంది. అందువల్ల ఏది కొన్నా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది నోట్లో పెట్టుకుంటే ఏమవుతుంది? దీని ప్రతి మూలా నా వేలికీ, సబ్బునీళ్లకూ అందుతుందా? ఈ నెలలో పాప చెయ్యి దీనితో ఏం చేయగలదు? ఈ మూడింటికీ సరైన జవాబులు రాని వస్తువును అది ఎంత ఖరీదైనదైనా, ఎవరు బహుమతిగా ఇచ్చినా, అటక మీద పెట్టేయడం మంచిది.

ముందుగా పాల సంగతి, ఎందుకంటే మీకు గడువు దగ్గర పడింది. పగటిపూట మీరు ఇంట్లో లేనప్పుడు పాపకు పిండి ఉంచిన తల్లిపాలు పట్టవచ్చు. దీనికి మంచి బ్రెస్ట్ పంపు కావాలి. రోజుకు రెండు మూడు సార్లు వాడాలి కాబట్టి, ఈ ఒక్క వస్తువు విషయంలో డబ్బుకు వెనకాడకండి. కొనేముందు దాని భాగాలన్నీ విడదీసి చూడండి. పాలు తగిలే భాగాలు పూర్తిగా ఊడివచ్చి, మరిగించడానికి వీలైనవైతేనే తీసుకోండి. పిండిన పాలు ఇరవై అయిదు డిగ్రీల లోపు చల్లగా ఉన్న గదిలో నాలుగు గంటలు నిలవ ఉంటాయి. మన వేసవిలో ఆ లెక్క నమ్మకుండా వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, అక్కడ నాలుగు రోజుల దాకా ఉంటాయి. పట్టేముందు పాలగిన్నెను వేడినీళ్ల గిన్నెలో ఉంచి గోరువెచ్చగా చేయాలే తప్ప పొయ్యి మీద కాచకూడదు, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. మైక్రోవేవ్‌లో పాలు ఒకచోట చల్లగా, ఒకచోట కాలేంత వేడిగా తయారవుతాయి. ఒకసారి వెచ్చబెట్టి మిగిలిన పాలు రెండు గంటల తర్వాత పారబోయండి. ఎంత ప్రాణం ఉసూరుమన్నా సరే, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టవద్దు. మీ కార్యాలయంలో యాభై మంది గాని, అంతకన్నా ఎక్కువమంది గాని పనిచేస్తూ ఉంటే, చట్టం ప్రకారం అక్కడ శిశుసంరక్షణ కేంద్రం ఉండాలి, రోజుకు నాలుగు సార్లు వెళ్లి బిడ్డను చూసుకునే హక్కు మీకు ఉంది. పంపు కొనే ముందే ఆ సంగతి అడిగి తెలుసుకోండి.

ఆ పాలు దేనితో పట్టాలి? నా సలహా సీసా కాదు, చిన్న గిన్నె లేదా అంచు మందంగా, నున్నగా ఉన్న చిన్న స్టీలు గ్లాసు. పాలసీసా పీకలోనూ, మూత మరల్లోనూ మిగిలిపోయే పాలజిడ్డు క్రిములకు పుట్టిల్లు; విరేచనాలతో వార్డుకు వచ్చిన పసిపిల్లల తల్లులను మేము మొదట అడిగే ప్రశ్నల్లో సీసా గురించిన ప్రశ్న ఒకటి. గిన్నెకు దాచుకునే మూలలు లేవు. అయిదు నెలల బిడ్డ గిన్నెతో తాగగలదా అని అనుమానించవద్దు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు కూడా ఆసుపత్రుల్లో గిన్నెతోనూ, ముక్కు ఉన్న చిన్న పాత్రతోనూ పాలు పడతారు. పాపను ఒడిలో దాదాపు నిటారుగా కూర్చోబెట్టుకుని, గిన్నె అంచును కింది పెదవికి ఆనించి, పాలు పెదవిని తాకేంతవరకే వంచి ఆగండి. పాప తానే నాలుకతో అందుకుని తాగుతుంది. మొదటి నాలుగైదు రోజులు సగం పాలు చొక్కా మీదే పడతాయి, తర్వాత అలవాటవుతుంది. సీసానే కావాలంటే ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదే కొనండి. ప్లాస్టిక్ సీసాకు ఐ.ఎస్. 14625, గాజు సీసాకు ఐ.ఎస్. 5168 అన్న అంకె కనిపించాలి. వెడల్పు మూతి, బ్రష్ అడుగు దాకా వెళ్లే తిన్నని ఆకారం ఉండాలి. చేపల ఆకారం, వంకర మెడ లాంటి వయ్యారాలు వద్దు. ఖరీదైన స్టెరిలైజరు అక్కర్లేదు, మూత ఉన్న గిన్నెలో మునిగేంత నీళ్లు పోసి పది నిమిషాలు మరిగిస్తే చాలు. మన దేశంలో 1992లో వచ్చి 2003లో సవరించిన చట్టం ప్రకారం పాలసీసాలకు, డబ్బా పాలకు, రెండేళ్ల లోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు ఇవ్వకూడదు. కాబట్టి ఎవరైనా ఒక సీసా గురించి మరీ ముచ్చటగా చెబుతున్నారంటే కాస్త అనుమానించడం తప్పు కాదు.

ఇక మీ అత్తగారు తెచ్చిన ఉగ్గుగిన్నె. దాన్ని పక్కన పెట్టేయమని నేను చెప్పను, పైన చెప్పిన పద్ధతిలో పాలు పట్టడానికి అది చక్కటి పాత్ర. వద్దనేది గిన్నెను కాదు, ఉగ్గు పోసే పాత పద్ధతిని. బిడ్డను చాచిన కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు అదిమిపట్టి, ఏడుస్తున్న నోట్లోకి ధారగా పోయడం వల్ల పాలో ఉగ్గో ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చిన పిల్లలను నేను లెక్కలేనంతమందిని చూశాను. ఆముదం, వస కొమ్ము రసం పోయడం మరింత ప్రమాదం, నూనె ఊపిరితిత్తుల్లోకి వెళితే అంత తేలికగా బయటికి రాదు. ఉగ్గుగిన్నె ముక్కులోపల వేలు దూరదు కాబట్టి, వాడిన వెంటనే సన్నని బ్రష్‌తో తోమి, మరిగించి, బోర్లించి ఆరబెట్టండి. ఇత్తడి గిన్నెలైతే మాత్రం వద్దనే చెబుతాను. కళాయి తగరంలో సీసం కలిసి ఉందో లేదో కంటితో చూసి తేల్చలేము, సీసం పసిపిల్లల మెదడుకు విషం.

ఘనాహారం ఆరు నెలలు నిండిన తర్వాత మొదలుపెట్టాలి. ఆడపిల్లకు అన్నప్రాశన బేసి నెలలో చేయాలి, అయిదో నెల దాటిపోతోంది అని పెద్దవాళ్లు తొందరపడుతున్నట్టు మీ ఉత్తరం చివర్లో రాశారు. ఆరు నెలలు నిండి నడుస్తున్న ఏడో నెల కూడా బేసి నెలే కాబట్టి, ఆచారానికీ వైద్యానికీ ఇక్కడ తగువు లేదని మీ అత్తగారితో నెమ్మదిగా చెప్పండి. ఆనాటి పాయసం నాలుకకు తాకిస్తే చాలు. తేనె మాత్రం ఏడాది నిండేదాకా చుక్క కూడా నాకించవద్దు. తేనెలో ఉండగల, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బీజాలను పసిపిల్లల పేగులు తట్టుకోలేవు. పీకను తేనెలో ముంచి ఇవ్వడం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది.

తినిపించడానికి ఉన్న సాధనాలన్నింటిలో అన్నిటికన్నా మంచిది గోరు కత్తిరించి, సబ్బుతో కడిగిన మీ చెయ్యి. వేడి ఎంతుందో, పలుకు తగులుతోందో, బఠాణీ పొట్టు మిగిలిందో వేళ్లకు తెలిసినట్టు ఏ చెంచాకూ తెలియదు. మనవాళ్లు గోరుముద్దలు పెట్టింది ముచ్చటకు మాత్రమే కాదు. చెంచా కావాలంటే గుంట తక్కువగా, అంచు మొద్దుగా, పాప నోటికన్నా సన్నగా ఉన్నది రెండు కొనండి. ఒకటి మీ చేతికి, రెండోది పాప చేతికి. తన చేతిలో ఒక చెంచా ఉన్న బిడ్డ మీ చేతిలోది లాక్కోదు, పైగా దాన్ని గిన్నెలో ముంచి నోటికి చేర్చే ప్రయత్నంలో కన్ను, చెయ్యి కలిసి పనిచేయడం నేర్చుకుంటుంది. మొదట్లో పూటకు రెండు మూడు పెద్ద చెంచాలు, రోజుకు రెండు మూడు పూటలు. ఎనిమిది తొమ్మిది నెలలకు పావు లీటరు గిన్నెలో సగం దాకా తింటుంది. ఆహారం చెంచా నుంచి జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. ఉప్పు, పంచదార అవసరం లేదు, కాస్త నెయ్యి కలపండి.

మీ జాబితాలోని బేబీ ఫుడ్ బ్లెండరు కొట్టేయండి. మిక్సీలో తిప్పి పేస్టు చేసే అలవాటు వల్ల నష్టమే ఎక్కువ. మొదటి రెండు మూడు వారాలు పప్పుగుత్తితోనో, గరిటె వెనక వైపుతోనో మెదిపి పెట్టండి. ఎనిమిదో నెలకు చిన్న చిన్న పలుకులు తగలనివ్వండి. పది నెలలు దాటినా గుజ్జే పెట్టిన పిల్లల్లో చాలామంది తర్వాత అన్నం మెతుకు తగిలినా వాంతి చేసుకుంటారు. అలాంటి రెండేళ్ల పిల్లలను తీసుకొచ్చిన తల్లుల కష్టం నాకు బాగా గుర్తుంది. కొత్త పలుకు తగిలినప్పుడు పాప ఓకరించడం సహజం, భయపడి వెంటనే మిక్సీ దగ్గరికి పరుగెత్తకండి. ఓకరించే బిడ్డ దగ్గుతుంది, చప్పుడు చేస్తుంది. పొలమారి ఊపిరి అందని బిడ్డ చప్పుడు చేయదు, రంగు మారుతుంది. ఆ రెండో సందర్భంలో పాపను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద రెండు రెక్కల మధ్య, అరచేతిలో మణికట్టు దగ్గరి భాగంతో అయిదుసార్లు చరచాలి. ఫలితం లేకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మధ్యలో అయిదుసార్లు నొక్కాలి. అడ్డుపడింది బయటపడేదాకా ఇలా మార్చి మార్చి చేస్తూనే ఉండాలి, మరొకరి చేత 108కి ఫోను చేయించాలి. కంటికి కనబడని వస్తువు కోసం గొంతులోకి వేలు పెట్టి వెదకకూడదు, అది ఇంకా లోపలికి పోతుంది. పాపను చూసుకోబోయే మీ అత్తగారికి, పనిమనిషికి ఈ పద్ధతి ఒకసారి బొమ్మ మీద చేసి చూపించండి.

హై చైర్ విషయంలో మీ ఇంటి అలవాటును బట్టి నిర్ణయించుకోండి. కింద కూర్చుని భోంచేసే ఇంట్లో ఎత్తు కుర్చీ రెండు నెలల్లో బట్టలు ఆరేసే స్టాండుగా మారుతుంది. తల నిలిపి, కొద్ది ఆసరాతో కూర్చోగల బిడ్డను మీ ఒడిలోనో, గోడకు చేరి కూర్చున్న మీ రెండు కాళ్ల మధ్యనో నిటారుగా కూర్చోబెట్టి తినిపించవచ్చు. టేబుల్ మీద తినే ఇల్లయితే కుర్చీ కొనండి, కాని పాదాలకు ఆనే పలక, భుజాలనూ నడుమునూ కాళ్ల మధ్యనూ పట్టే పట్టీలు, వెడల్పుగా పరుచుకున్న కాళ్లు ఉన్నదే తీసుకోండి. పాదాలు గాలిలో వేలాడితే నడుము నిలవదు, నడుము నిలవకపోతే నమలడం కుదరదు. సిలికాన్ బిబ్బు ఒకటి, పాత పంచె చింపి కుట్టిన గుడ్డలు అరడజను సరిపోతాయి. సిప్పర్ కప్పు అనవసరం. ఆరు నెలల తర్వాత అన్నంతో పాటు కాచి చల్లార్చిన నీళ్లు అదే స్టీలు గ్లాసుతో గుక్కగుక్కగా పట్టండి.

ఇక ఆటవస్తువులు. ఇప్పుడు పాప చెయ్యి ముందుకు చాచి పట్టుకుంటుంది. ఆరో నెలలో ఒక చేతిలోది రెండో చేతిలోకి మార్చుకుంటుంది. అందుకు సన్నని పిడి, తేలికైన బరువు ఉన్న గిలక్కాయ కావాలి. బరువైనదైతే అది చెయ్యి జారి సొంత ముఖం మీదే పడుతుంది. దాన్ని గట్టిగా లాగి, మెలిపెట్టి, నేలకేసి కొట్టి చూడండి. విరిగితే ఇప్పుడే విరగాలి. నేను పనిచేసిన ఒక ఆసుపత్రికి ఏడు నెలల బాబును అర్ధరాత్రి తీసుకొచ్చారు. తిరునాళ్లలో కొన్న గిలక్కాయ అతుకు దగ్గర విడిపోయి, లోపలి గింజల్లో ఒకటి వాడి ఊపిరిగొట్టంలోకి వెళ్లింది. బాబు బతికాడు, కాని ఆ రాత్రి తర్వాత అతుకులున్న ప్లాస్టిక్ గిలక్కాయను చూస్తే ఇప్పటికీ నా చెయ్యి దాన్ని మెలిపెట్టి చూడకుండా ఉండలేదు. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల చిన్న భాగాలను కొలవడానికి సుమారు 32 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా ఇమిడేది ఏదైనా గొంతుకు అడ్డుపడగలదని లెక్క. ఇంట్లో బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి, అందులోంచి జారిపడేదేదీ పాప దగ్గర ఉంచకండి. బొమ్మకున్న తాడు జానెడు కన్నా పొడవుంటే కత్తిరించండి.

మన చేతివృత్తుల బొమ్మలు కొనాలని ఉందన్నారు, అది మంచి కోరికే. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయినా, నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు ఆ నియమం నుంచి మినహాయింపు ఇచ్చారు. అంటే వాటి మీద గుర్తు లేకపోవడం తప్పు కాదు, పరీక్ష చేయవలసిన బాధ్యత కొనేవారి మీద ఉందని అర్థం. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చేసి, చేతులూ కాళ్లూ చింతగింజల జిగురుతో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, పైన రంగు వేసినది; అది బొమ్మల కొలువుకు అందం తెస్తుంది, చొంగలో నానితే అతుకు వదులుతుంది, రంగు రాలుతుంది. నిర్మల్ బొమ్మలదీ అదే దారి, గోడకూ అలమారుకూ శోభ. ఏటికొప్పాక బొమ్మల సంగతి వేరు. అంకుడు కర్రను తరిమెన మీద తిప్పి, లక్కతో రంగు పట్టించిన ఆ నున్నని గిలకలు, ఉంగరాలు పసిచేతికి సరిగ్గా అమరుతాయి. సహజ రంగులు వాడిన పనివారి దగ్గరే కొనండి, తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది రంగు అంటుతుందేమో చూడండి, ఒకే ముక్కగా చెక్కినదాన్ని ఎంచుకోండి. లక్కపిడతలు మాత్రం మూడేళ్లు నిండేదాకా పెట్టెలోనే ఉండనివ్వండి.

పళ్లు వచ్చే వేళకు ఒక సిలికాన్ ఉంగరం చాలు, దాన్ని ఫ్రిజ్‌లో కాసేపు పెట్టి ఇవ్వండి, గడ్డకట్టే అరలో కాదు. లోపల నీళ్లు నింపినవి కొరికితే చిల్లుపడతాయి. పగలని అద్దం, గుడ్డ పుస్తకం, చేతివేళ్లు దూరే రంధ్రాలున్న మెత్తని బంతి ఆరు నుంచి తొమ్మిది నెలల దాకా విసుగు లేకుండా నడుస్తాయి. ఎనిమిదో నెల తర్వాత దాచిన వస్తువు ఎక్కడికీ పోలేదని పాపకు అర్థమవుతుంది, అప్పటి నుంచి గిన్నె కింద గిన్నె దాచడం, డబ్బాలో వేసి తీయడం పెద్ద ఆట. దీనికి దుకాణానికి వెళ్లకండి; పదునులేని అంచులున్న స్టీలు గిన్నెలు, ఇడ్లీ రేకులు, చెక్క గరిటె, మూతలున్న డబ్బాలు మీ వంటింట్లోనే ఉన్నాయి. మా మనవరాలు పది నెలల వయసులో ఇడ్లీ రేకు గుంటల్లో నిమ్మకాయలు పెట్టి తీస్తూ గంటసేపు కూర్చునేది, మేము పక్కనే కూర్చుని లెక్కపెట్టుకునేవాళ్లం.

పాటలు పాడే బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేయగలదు. బ్యాటరీ అర స్క్రూతో బిగించి లేని బొమ్మను ఎవరిచ్చినా తీసుకోవద్దు. మింగిందన్న అనుమానం వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లోని రిమోట్లనూ, బరువు చూసే కాటానూ ఇదే కంటితో చూడండి. చక్రాల వాకరు గురించి ఒకే మాట చెబుతాను: కెనడా 2004లో దాని అమ్మకాన్నే నిషేధించింది. అది నడక నేర్పదు సరికదా ఆలస్యం చేస్తుంది, మెట్ల మీదికీ వేడి పాత్రల దగ్గరికీ బిడ్డను చేరుస్తుంది. నిలబడగలిగాక తోసుకుంటూ నడిచే చెక్క బండి వేరు, దాన్ని ఏడాది దగ్గర పడ్డాక చూద్దాం. ఈ రెండు మూడు నెలలూ పాపకు కావలసిన పెద్ద వస్తువు నేల మీద పరిచిన ఒక బొంత. మెలకువగా ఉన్నప్పుడు దాని మీద బోర్లా వేసి, చేతికి బెత్తెడు దూరంలో గిలక పెట్టండి.

అన్నప్రాశన నాడు పాప ముందు పుస్తకం, కలం, బంగారు ఉంగరం, నాణేలు, కత్తి పెట్టి ఏది పట్టుకుంటుందో చూస్తారు కదా. ఆ పళ్లెంలో నాణేల బదులు పది రూపాయల కొత్త నోటు, కత్తి బదులు చెక్క గరిటె, ఉంగరం బదులు అత్తగారి పాత వెండి గాజు పెట్టమని చెప్పండి. నోటు పట్టుకుంటే నోట్లోకి వెళ్లే లోపల తీసేసుకోండి. గరిటె పట్టుకుంటే కాసేపు ఆడుకోనివ్వండి.